కాంప్లెక్స్ వెక్టార్లను లంబంగా మార్చేటప్పుడు: కాంజుగేట్ ఎవరి మీద వేయాలి, ఏ పద్ధతి ఎంచుకోవాలి

రియల్ వెక్టార్ల మీద గ్రామ్-ష్మిట్ (వెక్టార్లని ఒక్కొక్కటిగా సరిచేస్తూ ఒకదానికొకటి లంబంగా మార్చే పద్ధతి) చేసి అలవాటైపోయిన చేత్తోనే కాంప్లెక్స్ వెక్టార్లు మొదలుపెడితే, ప్రతి మెట్టూ సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది, చివర్లో సరిచూస్తే మాత్రం వచ్చిన వెక్టార్లు ఒకదానికొకటి లంబంగా ఉండవు. నాకు ఒకసారి ఇదే విషయంలో రెండు రోజులు పోయాయి. రాసుకున్న కోడ్ రియల్ డేటా మీద అన్ని టెస్టులూ పాసైంది, కాంప్లెక్స్ డేటా ఇవ్వగానే జవాబులు చెడిపోయాయి. వెతగ్గా వెతగ్గా దొరికిన తప్పు ఒక్కటే: ఇన్నర్ ప్రొడక్ట్‌లో (రెండు వెక్టార్లని గుణించి ఒక సంఖ్య తీసే లెక్కలో) రెండు వెక్టార్ల వరుస తారుమారైంది. రియల్‌లో ఎటు రాసినా ఒకటే విలువ వస్తుంది కాబట్టి ఏ టెస్టూ దాన్ని పట్టుకోలేదు.

ఇక్కడ తేల్చుకోవాల్సినవి రెండున్నాయి, చాలామంది వాటిని కలిపేసుకుని టెన్షన్ పడతారు. ఒకటి, ఇన్నర్ ప్రొడక్ట్ ఏ కన్వెన్షన్‌లో రాయాలి అనేది. రెండోది, లంబంగా మార్చడానికి ఏ పద్ధతి వాడాలి అనేది. మొదటిది రాత అలవాటుకు సంబంధించింది, జవాబు మారదు, కానీ ఒకదాని ఫార్ములా ఇంకోదాంట్లో పెడితే లెక్క తప్పుతుంది. రెండోది కంప్యూటర్ రౌండింగ్‌కి సంబంధించింది, అక్కడ ఎంపికను బట్టి జవాబే మారిపోవచ్చు.

ముందు గుర్తులు చెప్పేస్తాను. ఇప్పటికే సిద్ధంగా ఉన్న పాత వెక్టార్‌ని ప అంటాను, దానికి లంబంగా మార్చాల్సిన కొత్త వెక్టార్‌ని క అంటాను, సరిచేశాక వచ్చేదాన్ని, అంటే క లోంచి ఒక గుణకం రెట్లు ప తీసేస్తే మిగిలేదాన్ని, స అంటాను. మైనస్ ఒకటి వర్గమూలాన్ని ఐ అని రాస్తున్నాను. ప* అంటే ప లోని ప్రతి సంఖ్యనీ కాంజుగేట్ చేసి (అంటే ఐ ఉన్న భాగం గుర్తు మార్చి; తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇది సంయుగ్మం) అడ్డ వరుసగా రాసింది, కాబట్టి ప* క అనేది మామూలు మ్యాట్రిక్స్ గుణకారంతో వచ్చే ఒక సంఖ్య.

## ఏవి చూసి ఎంచుకోవాలి

కన్వెన్షన్ విషయంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది పొడవు. ఒక వెక్టార్‌ని దానితోనే ఇన్నర్ ప్రొడక్ట్ చేస్తే పొడవు వర్గం రావాలి, అది పాజిటివ్‌గా ఉండాలి. (1, ఐ) తీసుకుని కాంజుగేట్ లేకుండా చేస్తే 1 + ఐ² = 0 వస్తుంది. ఎదురుగా వెక్టార్ కనిపిస్తోంది, పొడవేమో సున్నా! గ్రామ్-ష్మిట్‌లో ఆ సున్నాతోనే భాగించాల్సి వస్తుంది. కాంజుగేట్ వేస్తే 1 + (−ఐ)(ఐ) = 2. కాంజుగేట్ ఎందుకు కావాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆ తర్వాత చూడాల్సింది, మీరు ఎవరి రాతలు చదువుతున్నారు, మీరు రాసింది ఎవరు చదువుతారు అనేది. దాంతోపాటు ఫార్ములా నేరుగా కోడ్‌లోకి దిగుతుందా, మధ్యలో తలకిందులు చేసుకోవాలా అన్నది కూడా.

పద్ధతి విషయంలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. మీ వెక్టార్లు ఒకదానికొకటి ఎంత దగ్గరి దిశలో ఉన్నాయి? అన్నీ ఒకేసారి చేతిలో ఉన్నాయా, ఒక్కొక్కటిగా వస్తున్నాయా? వాటి వరుసకి ప్రాముఖ్యం ఉందా? మెషీన్ ఒక్కటేనా, లేక పని చాలా ప్రాసెసర్ల మీద పంచుతున్నారా?

## మూడు కన్వెన్షన్లు పక్కపక్కన

⟨క, ప⟩ అంటే క, ప ల ఇన్నర్ ప్రొడక్ట్. ఒక స్థానం లీనియర్ అంటే, అక్కడి వెక్టార్‌ని ఐతో గుణిస్తే ఆ ఐ మారకుండా బయటికొస్తుందని.

| | మొదటి స్థానం లీనియర్ | రెండో స్థానం లీనియర్ | కాంజుగేట్ లేనిది |
|---|---|---|---|
| కాంజుగేట్ పడేది | రెండో వెక్టార్ మీద | మొదటి వెక్టార్ మీద | దేని మీదా పడదు |
| మొదటిదాన్ని ఐతో గుణిస్తే బయటికొచ్చేది | ఐ | −ఐ | ఐ |
| రెండోదాన్ని ఐతో గుణిస్తే బయటికొచ్చేది | −ఐ | ఐ | ఐ |
| గ్రామ్-ష్మిట్ గుణకం | ⟨క, ప⟩ ÷ ⟨ప, ప⟩ | ⟨ప, క⟩ ÷ ⟨ప, ప⟩ | కింద భాగం సున్నా కావచ్చు |
| మ్యాట్రిక్స్ రూపం | ⟨క, ప⟩ = ప* క | ⟨ప, క⟩ = ప* క | కాంజుగేట్ లేకుండా అడ్డ వరుస × నిలువు వరుస |
| ఎక్కువగా కనిపించేది | లీనియర్ ఆల్జీబ్రా, ఫంక్షనల్ అనాలిసిస్ పాఠ్యపుస్తకాల్లో | క్వాంటమ్ ఫిజిక్స్‌లో, సాఫ్ట్‌వేర్‌లో | కాంప్లెక్స్ సిమెట్రిక్ మ్యాట్రిక్స్‌లతో పనిలో |

ఐదో అడ్డ వరుస ఇంకోసారి చూడండి. మొదటి రెండు కన్వెన్షన్లలోనూ మ్యాట్రిక్స్ రూపం ఒకటే: ప* క. యాంగిల్ బ్రాకెట్లలో రాసే వరుస మారింది తప్ప లోపల జరిగే లెక్క మారలేదు. గుర్తుపెట్టుకోవాల్సింది కూడా ఇదే: సరిచేస్తున్న కొత్త వెక్టార్ మీద కాంజుగేట్ పడకూడదు, పాతదాని మీదే పడాలి. కన్వెన్షన్ ఏదైనా సరే, క అలాగే ఉండాలి, ప కాంజుగేట్ కావాలి.

ఎందుకలా? క ని ఐతో గుణిస్తే, ప దిశలో దాని నీడ కూడా ఐతోనే గుణించబడాలి, −ఐతో కాదు. అంటే గుణకం క కి లీనియర్‌గా ఉండాలి. అందుకే లీనియర్‌గా ఉండే స్థానంలో క కూర్చోవాలి: మొదటి స్థానం లీనియర్ అయితే క మొదట వస్తుంది, రెండోది అయితే రెండో స్థానంలో వస్తుంది.

ఫోరియర్ సిరీస్ చదివినవాళ్లు ఈ సంగతి తెలియకుండానే వాడుతున్నారు. ఫంక్షన్‌ని ఘాతాంక తరంగాలుగా విడగొట్టేటప్పుడు సిరీస్‌లో ప్లస్ ఘాతాంకం ఉంటుంది, గుణకం కనుక్కునే ఇంటిగ్రల్‌లోకి వచ్చేసరికి మైనస్ అవుతుంది. ఆ మైనస్ ఈ కాంజుగేటే. అక్కడ తరంగం పాతది, ఫంక్షన్ కొత్తది. నాకు ఈ సంబంధం అర్థమైన రోజు నుంచి గుణకం వరుస మళ్లీ మర్చిపోలేదు.

### దగ్గరగా ఒక లెక్క

ప = (1, ఐ), క = (1, 1) తీసుకుందాం.

- ప* క = (1)(1) + (−ఐ)(1) = 1 − ఐ
- ప* ప = 1 + 1 = 2
- గుణకం = (1 − ఐ)/2
- స = (1, 1) − ((1 − ఐ)/2)·(1, ఐ) = ((1 + ఐ)/2, (1 − ఐ)/2)

సరిచూస్తే ప* స = (1 + ఐ)/2 + (−ఐ)(1 − ఐ)/2 = (1 + ఐ − ఐ − 1)/2 = 0. లంబంగా ఉంది.

ఇప్పుడు ఇదే లెక్క వరుస మార్చి చేద్దాం. గుణకం (1 + ఐ)/2 అవుతుంది, స కి బదులు ((1 − ఐ)/2, (3 − ఐ)/2) వస్తుంది. దీన్ని సరిచూస్తే ప తో ఇన్నర్ ప్రొడక్ట్ −2ఐ. ఈ −2ఐ ఊరికే వచ్చిన సంఖ్య కాదు. సరైన ప* క లోంచి దాని కాంజుగేట్ తీసేస్తే మిగిలేది అదే: (1 − ఐ) − (1 + ఐ). అంటే వరుస తప్పినప్పుడు వచ్చే లోపం ఎప్పుడూ ప* క లోని ఇమాజినరీ భాగానికి రెండింతలు. ప* క రియల్ సంఖ్య అయితే లోపం సున్నా, తప్పు కోడ్ కూడా ఒప్పే చెబుతుంది. నా టెస్టులు పాసవడానికి కారణం ఇదే.

### కాంజుగేట్ లేనిదాన్ని ఎప్పుడు ఎంచుకోవాలి

అసలు వద్దని నేను అనను. కాంప్లెక్స్ సిమెట్రిక్ మ్యాట్రిక్స్‌లలో, అంటే కాంజుగేట్ లేకుండా అటూఇటూ తిప్పినా మారని వాటిలో, వేర్వేరు ఐగెన్‌వాల్యూలున్న ఐగెన్‌వెక్టార్లు ఈ అర్థంలోనే లంబంగా వస్తాయి. అక్కడ ఇది సహజమైన పనిముట్టు. కానీ పొడవు, దూరం, కోణం అనే మాటలు అక్కడ పనిచేయవు, (1, ఐ) లాంటి సున్నా పొడవు వెక్టార్లు ఎప్పుడైనా ఎదురుపడతాయి. మీకు ఇది కావాలో వద్దో తెలియడం లేదంటే, మీకు అవసరం లేదనే అర్థం.

### రెండింట్లో ఏది

పరీక్ష రాసేవాళ్లు మీ పాఠ్యపుస్తకంలో ఏది ఉంటే అదే వాడండి, ఇందులో వాదనకి తావు లేదు. జవాబు పత్రం మొదట్లో ఏ స్థానం లీనియరో ఒక వాక్యం రాసేస్తే దిద్దేవాళ్లకీ మీకూ ఇబ్బంది ఉండదు.

క్వాంటమ్ మెకానిక్స్ వైపు వెళ్లేవాళ్లు రెండో స్థానం లీనియర్ అలవాటు చేసుకోండి. డిరాక్ 1939లో ప్రవేశపెట్టిన బ్రా-కెట్ రాతలో ఎడమవైపు బ్రా కాంజుగేట్ అవుతుంది, కుడివైపు కెట్ అలాగే ఉంటుంది. ప్రొజెక్షన్ (పైన చెప్పిన నీడ) రాసేటప్పుడు కెట్-బ్రా-కెట్ అని ఎడమ నుంచి కుడికి వరుసగా వచ్చేస్తుంది, ఆగి ఆలోచించాల్సిన పని ఉండదు.

కోడ్ రాసేవాళ్లకీ నా సలహా రెండోదే. బాగా వాడుకలో ఉన్న లైబ్రరీలు అటువైపే ఉన్నాయి, పైగా గ్రామ్ మ్యాట్రిక్స్ (వెక్టార్లన్నిటి మధ్య ఇన్నర్ ప్రొడక్ట్‌ల పట్టిక) కూడా తేలిగ్గా కుదురుతుంది. వెక్టార్లని నిలువు వరుసలుగా పేర్చిన మ్యాట్రిక్స్‌ని వ అనుకుంటే, వ* వ లో మొదటి అడ్డ వరుస, రెండో నిలువు వరుస కలిసేచోట ఉండేది మొదటి వెక్టార్, రెండో వెక్టార్‌ల ఇన్నర్ ప్రొడక్ట్, అదే వరుసలో. మొదటి స్థానం లీనియర్ కన్వెన్షన్‌లో అదే చోట ఉండేది వరుస తిరగబడిన ఇన్నర్ ప్రొడక్ట్. అది తప్పు కాదు, కానీ ఏదో ఒక రోజు మర్చిపోతాం.

మొదటి స్థానం లీనియర్‌కి కూడా ఒక సుఖం ఉంది. ⟨క, ప⟩ ని క యొక్క ఫంక్షన్‌గా చూడటం అందులో సహజంగా ఉంటుంది, కుడివైపు ప ని స్థిరంగా ఉంచి ఎడమవైపు మారుస్తూ పోతే అంతా లీనియరే. నిరూపణలు ఎక్కువగా చదివేవాళ్లు దాన్ని వదులుకోవాల్సిన అవసరం లేదు.

## సాఫ్ట్‌వేర్‌లో జారిపడే చోట్లు

పైథాన్ లైబ్రరీ నంపైలో డాట్, ఇన్నర్ అనే ఫంక్షన్లు రెండూ కాంజుగేట్ చేయవు. పేరు ఇన్నర్ అయినా కాంప్లెక్స్ ఇన్నర్ ప్రొడక్ట్ అందులో రాదు, ఇక్కడ పడినవాళ్లు చాలామంది. వీడాట్ మొదటిదాన్ని కాంజుగేట్ చేస్తుంది, కానీ మ్యాట్రిక్స్‌లు ఇస్తే వాటిని ఒకే పొడుగాటి వెక్టార్‌గా పరిచేసి ఒక్క సంఖ్య ఇస్తుంది, అది గమనించాలి. 2.0 వెర్షన్‌లో వచ్చిన వెక్‌డాట్ కూడా మొదటిదాన్నే కాంజుగేట్ చేస్తుంది. ఇక నంపైలో మ్యాట్రిక్స్ పక్కన చుక్క పెట్టి రాసే టీ ఉట్టి ట్రాన్స్‌పోజ్ మాత్రమే, కాంజుగేట్ మీరే అడిగి చేయించుకోవాలి.

మ్యాట్‌ల్యాబ్‌లో దీనికి తిరకాసు: మామూలు అపాస్ట్రఫీ పెడితేనే కాంజుగేట్ ట్రాన్స్‌పోజ్ వస్తుంది, ముందు చుక్క పెడితే ఉట్టి ట్రాన్స్‌పోజ్. అందుకే మ్యాట్‌ల్యాబ్ నుంచి నంపైకి కోడ్ మార్చేటప్పుడు కాంజుగేట్ చప్పుడు లేకుండా మాయమైపోతుంది. మ్యాట్‌ల్యాబ్, జూలియా రెండింట్లోనూ డాట్ మొదటిదాన్ని కాంజుగేట్ చేస్తుంది. లీనియర్ ఆల్జీబ్రా ప్రాథమిక లైబ్రరీ బ్లాస్‌లో రెండూ విడివిడిగా ఉన్నాయి: జెడ్‌డాట్‌సీ మొదటిదాన్ని కాంజుగేట్ చేస్తుంది, జెడ్‌డాట్‌యూ చేయదు.

కొత్త లైబ్రరీ ముట్టుకున్నప్పుడు నేను చేసే పని చిన్నది. ఒక్కో సంఖ్యే ఉన్న రెండు వెక్టార్లు ఇస్తాను, మొదటిది (ఐ), రెండోది (1). జవాబు −ఐ వస్తే కాంజుగేట్ మొదటిదాని మీద పడుతోంది. ఐ వస్తే రెండోదాని మీదైనా పడుతుండాలి, అసలు లేకపోయైనా ఉండాలి. అప్పుడు వరుస మార్చి ఇంకోసారి చూస్తాను.

## ఇక పద్ధతి

గ్రామ్ 1883లో, ష్మిట్ 1907లో రాసిన వ్యాసాల వల్ల ఆ పేరు స్థిరపడింది. కాగితం మీద అన్ని పద్ధతులూ నిర్దోషమే, తేడాలు బయటపడేది రౌండింగ్ వచ్చాకే.

| పద్ధతి | లంబత ఎంతవరకు నిలుస్తుంది | సుమారు ఖర్చు | కుదిరే చోటు |
|---|---|---|---|
| క్లాసికల్ గ్రామ్-ష్మిట్ | త్వరగా చెడుతుంది | 1 వంతు | చేత్తో చేసే లెక్కలు |
| మోడిఫైడ్ గ్రామ్-ష్మిట్ | మధ్యస్థం | 1 వంతు | వెక్టార్లు ఒక్కొక్కటిగా వచ్చే ఇటరేటివ్ పద్ధతులు |
| క్లాసికల్, రెండుసార్లు | దాదాపు పూర్తిగా | 2 వంతులు | ఎక్కువ ప్రాసెసర్లున్న చోట |
| హౌస్‌హోల్డర్ | పూర్తిగా | లంబ వెక్టార్లు విడిగా కావాలంటే సుమారు 2 వంతులు | అన్నీ ఒకేసారి చేతిలో ఉన్నప్పుడు |
| లోవ్‌డిన్ సిమెట్రిక్ | వెక్టార్లు మరీ దగ్గరి దిశల్లో లేకపోతే మంచిది | ఇంకా ఎక్కువ | వరుస ప్రభావం ఉండకూడదనుకున్నప్పుడు |

క్లాసికల్, మోడిఫైడ్ మధ్య తేడా చెప్పడానికి ఒక వాక్యం చాలు: క్లాసికల్‌లో గుణకాలన్నీ అసలు క నుంచి తీస్తాం, మోడిఫైడ్‌లో ఒక్కొక్క భాగం తీసేశాక మిగిలినదాని నుంచి తర్వాతి గుణకం తీస్తాం. చూడ్డానికి ఏమంత తేడా అనిపించదు. కానీ ఈ మూడు వెక్టార్లు చూడండి, ఇందులో చి అంటే 10⁻⁸:

(1, ఐ·చి, 0, 0), (1, 0, ఐ·చి, 0), (1, 0, 0, ఐ·చి)

డబుల్ ప్రెసిషన్‌లో (సుమారు పదహారు అంకెలు ఉంచే లెక్కలో) 1 + 10⁻¹⁶ అంటే 1 గానే మిగిలిపోతుంది, కాబట్టి మొదటి వెక్టార్ పొడవు 1 అనుకుంటుంది మెషీన్. క్లాసికల్‌లో రెండోది, మూడోది రెండూ ఆ మొదటిదాన్ని తీసేసుకుని, (0, −ఐ, ఐ, 0)/√2, (0, −ఐ, 0, ఐ)/√2 అయి కూర్చుంటాయి. వీటి ఇన్నర్ ప్రొడక్ట్ 1/2. లంబంగా ఉండాల్సిన రెండు వెక్టార్ల మధ్య 60 డిగ్రీల కోణం! మోడిఫైడ్‌లో అయితే మూడోది (0, −ఐ, −ఐ, 2ఐ)/√6 అవుతుంది, రెండోదానితో ఇన్నర్ ప్రొడక్ట్ సున్నా, మొదటిదానితో మిగిలే లోపం 10⁻⁸ స్థాయిలో ఉంటుంది. ఒక్క మాట మార్చినందుకు ఇంత తేడా.

మోడిఫైడ్‌లో లోపం రౌండింగ్‌ని కండిషన్ నంబర్‌తో (వెక్టార్లు ఒకదానిమీద ఒకటి ఆధారపడే స్థితికి దగ్గరైనకొద్దీ పెరిగే సంఖ్యతో) గుణించినంత ఉంటుంది. కండిషన్ నంబర్ 10⁸ అయితే పదహారు అంకెల్లో ఎనిమిది పోయినట్టే. చాలా పనులకి ఆ మిగిలిన ఎనిమిది సరిపోతాయి. సరిపోనప్పుడు రెండు దారులున్నాయి. క్లాసికల్‌నే ప్రతి వెక్టార్ మీద రెండోసారి నడపండి, వెక్టార్లు ఒకదానిమీద ఒకటి ఆధారపడేంత దగ్గరగా లేనంతవరకు రౌండింగ్ స్థాయి లంబత వచ్చేస్తుంది, మూడోసారి అక్కర్లేదు. పైగా గుణకాలన్నీ ఒకే మ్యాట్రిక్స్ గుణకారంలో వస్తాయి కాబట్టి ప్రాసెసర్ల మధ్య కబుర్లు తగ్గుతాయి, మోడిఫైడ్‌లో ప్రతి గుణకానికీ ఆగాలి. లేదా హౌస్‌హోల్డర్‌కి వెళ్లండి.

1958లో వచ్చిన హౌస్‌హోల్డర్ పద్ధతి ప్రతిబింబాలతో పనిచేస్తుంది, అందులో కాంప్లెక్స్‌కి ప్రత్యేకమైన ఒక మెలిక ఉంది. రియల్‌లో వెక్టార్ మొదటి సంఖ్య గుర్తు, అంటే ప్లస్సో మైనస్సో, చూసుకుని ప్రతిబింబం దిశ నిర్ణయిస్తాం. కాంప్లెక్స్‌లో ప్లస్ మైనస్ ఉండవు, ఆ సంఖ్యని దాని పరిమాణంతో భాగించగా వచ్చే ఫేజ్ వాడాలి, ఆ సంఖ్య సున్నా అయితే 1 తీసుకోవాలి. రియల్ కోడ్‌ని అలాగే తెచ్చి పెడితే ఇక్కడ విరుగుతుంది. అందుకే సొంతంగా రాయొద్దనే చెబుతాను, లాప్యాక్‌ని (లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీని) పిలిచే ఫంక్షన్ మీ భాషలో ఇప్పటికే ఉంటుంది.

రెండు సాఫ్ట్‌వేర్లు ఇచ్చిన లంబ వెక్టార్లు సరిపోలకపోతే కంగారుపడొద్దు. రియల్‌లో జవాబులు ప్లస్ మైనస్‌లో తేడా పడొచ్చు, కాంప్లెక్స్‌లో ఒక్కో వెక్టార్ పరిమాణం 1 ఉన్న ఏ కాంప్లెక్స్ సంఖ్యతోనైనా గుణించబడి ఉండొచ్చు. గుణకాలు పేర్చిన త్రిభుజాకార మ్యాట్రిక్స్ (అసలు వెక్టార్లని లంబ వెక్టార్లతో రాసేది) వికర్ణం మీద సంఖ్యలన్నీ పాజిటివ్ రియల్ అయ్యేలా ఫేజ్‌లు సర్దాకే పోల్చండి. అసలు వెక్టార్లు స్వతంత్రమైనవైతే అలా సర్దిన జవాబు ఒక్కటే ఉంటుంది.

లోవ్‌డిన్ సంగతి వేరు. గ్రామ్-ష్మిట్‌లో మొదటి వెక్టార్ దిశ మారదు, భారమంతా తర్వాత వచ్చినవాటి మీద పడుతుంది. క్వాంటమ్ కెమిస్ట్రీలో పరమాణువుల ఆర్బిటల్స్‌ని అలా పెద్దా చిన్నా చేయడం ఇష్టం లేక, వ ని వ* వ యొక్క విలోమ వర్గమూలంతో గుణించే పద్ధతి వాడతారు. అసలు వెక్టార్లకి అన్నిటికన్నా దగ్గరగా ఉండే, పొడవు 1 ఉన్న లంబ వెక్టార్ల సమూహం అదే. మీ వెక్టార్లన్నీ సమానమే, ఏదీ ముందూ కాదు వెనకా కాదు అనుకుంటే దీన్ని చూడండి.

ఖర్చు గురించి ఒక్క మాట: కాంప్లెక్స్‌లో గుణించి కలిపే ఒక్కో మెట్టు రియల్‌లో ఎనిమిది చిన్న పనులు, అదే రియల్ అయితే రెండు. అంటే ఏ పద్ధతైనా నాలుగింతలు. డేటా నిజానికి రియల్ అయితే కాంప్లెక్స్ టైప్‌లో ఉంచకండి.

## సరిచూసేటప్పుడు

ఏది ఎంచుకున్నా, ఫలితం మ్యాట్రిక్స్‌ని ల అనుకుని ల* ల లోంచి ఐడెంటిటీ తీసేసి ఎంత మిగిలిందో చూడండి. టెస్ట్ డేటాలో ఇమాజినరీ భాగాలు తప్పకుండా ఉండాలి. ఆ తర్వాత ఒక కొత్త వెక్టార్‌ని ఐతో గుణించి మళ్లీ నడపండి: గ్రామ్-ష్మిట్‌లో సరిచేసిన వెక్టార్ కూడా సరిగ్గా ఐతో గుణించబడి రావాలి. వరుస తప్పిన కోడ్ ఇక్కడ దొరికిపోతుంది.

పైథాగరస్‌తో మాత్రం సరిచూడొద్దు. రియల్‌లో పొడవుల వర్గాల మొత్తం కుదిరితే లంబమే. కాంప్లెక్స్‌లో ఇన్నర్ ప్రొడక్ట్ రియల్ భాగం సున్నా అయితే చాలు, ఆ మొత్తం కుదిరిపోతుంది. ఒక్కో సంఖ్యే ఉన్న (1), (ఐ) తీసుకోండి: వాటి పొడవుల వర్గాలు 1, 1, మొత్తం (1 + ఐ) పొడవు వర్గం 2, చక్కగా కుదిరింది. కానీ (ఐ) అనేది (1) ని ఐతో గుణిస్తే వచ్చినదే, రెండూ ఒకే గీత మీద ఉన్నాయి.